చికున్‌గున్యా తర్వాత కాళ్ళు పడిపోయాయి, సీఆర్పీ నార్మల్, ఈఎస్ఆర్ 92: ఈ అంకెల్ని ఎంతవరకు నమ్మాలి?

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఒకసారి చెప్తాను, తప్పుంటే సరిచేయండి. మీ బావమరిదికి 38 ఏళ్ళు, అమలాపురం అవతల రొయ్యల చెరువుల మీద పని. ఆరు రోజులు జ్వరం, కీళ్ళ నొప్పులు, చికున్‌గున్యా ఐజీఎం (ఈమధ్యే సోకిందని చెప్పే యాంటీబాడీ) పాజిటివ్. జ్వరం తగ్గిన పన్నెండో రోజున అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలయ్యాయి. మర్నాటికి గొంతుక్కూర్చుంటే లేవలేకపోయాడు, ఆ మర్నాటికి కాలికి చెప్పు నిలవలేదు. కాకినాడలో నర్వ్ టెస్టు చేసి గులియన్ బారే సిండ్రోమ్ (జీబీఎస్, ఒంట్లోని రక్షణ బలగమే నరాల మీద పడే జబ్బు) అన్నారు, ఐదు రోజులు ఐవీఐజీ (దాతల రక్తంలోంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించారు. ఎక్కించకముందు సీఆర్పీ 4.2, ఈఎస్ఆర్ 28 (రెండూ ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉందేమో చూసే రక్త పరీక్షలు). ఇంటికొచ్చిన వారానికి ఊళ్ళో ల్యాబ్‌లో చేయిస్తే ఈఎస్ఆర్ 92 వచ్చింది. "ఒంట్లో వాపు మూడింతలైంది, ఆ కోర్సు మళ్ళీ పడాలి" అని మీ ఊరి ఆర్‌ఎంపీ గారు అంటున్నారు. మొదట్లో సీఆర్పీ నార్మల్‌గా ఉంటే అసలది జీబీఎస్సేనా, ఇప్పుడు ఈఎస్ఆర్ 92 అంటే ముదిరిందా, ల్యాబ్ వాళ్ళు చెప్పిన ఐఎల్-6 ప్యానెల్ (ఐఎల్-6, ఫెరిటిన్, డీ-డైమర్ లాంటి రక్త పరీక్షల కట్ట) చేయించాలా అని మీరు అడుగుతున్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. సీఆర్పీ నార్మల్‌గా ఉన్నా జీబీఎస్ ఉండొచ్చు, చాలామందిలో అలాగే ఉంటుంది. ఐవీఐజీ ఎక్కించాక ఈఎస్ఆర్ పెరగడం ఆ మందు చేసే పనే. ఆ ఒక్క అంకె చూసి రెండో కోర్సుకి అప్పు చేయకండి. ప్యానెల్ అక్కర్లేదు. పోయిన ఆదివారం కంటే ఈ ఆదివారం మంచం మీంచి లేవడం తేలికైందా, కష్టమైందా? మీ బావమరిది విషయంలో నేను అడిగే మొదటి రిపోర్టు అదే.

గోదావరి జిల్లాల్లో ఇరవై రెండేళ్ళుగా న్యూరాలజీ చూస్తున్నాను. ఆయన్ని నేను పరీక్ష చేయలేదు కాబట్టి కాకినాడలో చూసిన డాక్టరు గారి మాటే చివరి మాట. నేను చెప్పేది ఆ రిపోర్టులు ఎలా చదవాలన్న దాని గురించే.

అసలు పేచీ "వాపు" అనే మాట దగ్గరే మొదలవుతుందండి. ఇన్‌ఫ్లమేషన్‌కి మనవాళ్ళు వాపు అనేశారు. డాక్టరు "నరాల్లో వాపు ఉంది" అనగానే ఇంటిల్లిపాదీ పేషెంటు పాదాలు నొక్కి చూస్తారు. ఒకాయనైతే "వాపేం లేదండి, బాగా సన్నబడ్డాడు కూడాను" అని నాతో వాదనకి దిగాడు. ఇన్‌ఫ్లమేషన్ అంటే ఒంట్లోని రక్షణ బలగం ఎక్కడో ఒకచోట పనిలోకి దిగిందని అర్థం. ఎక్కడ దిగింది, ఎంతమంది దిగారు, శత్రువు మీదకి దిగారా సొంతింటి మీదకే దిగారా అన్నవి వేరే ప్రశ్నలు. సీఆర్పీ, ఈఎస్ఆర్‌లు వీటిలో దేనికీ సూటిగా జవాబు చెప్పవు.

సీఆర్పీని 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో గుర్తించారు. ఇది తయారయ్యేది కాలేయంలో. ఒంట్లో ఎక్కడైనా గొడవ జరిగి ఐఎల్-6 అనే కబురు కాలేయానికి అందితే, ఆరు గంటల్లో సీఆర్పీ పెరగడం మొదలవుతుంది. రెండు రోజులకి పూర్తిగా పెరుగుతుంది. గొడవ ఆగిందంటే దాదాపు 19 గంటలకోసారి సగం సగం అవుతూ పడిపోతుంది. బ్యాక్టీరియా వస్తే బాగా ఎగురుతుంది, చాలా వైరస్‌లకి అంతగా ఎగరదు.

ఇప్పుడు మీ బావమరిది లెక్క వేద్దాం. చికున్‌గున్యా జ్వరం తగ్గిన పన్నెండు రోజులకి తిమ్మిర్లు. జ్వరంలో సీఆర్పీ పెరిగి ఉన్నా, రోజుకి సగం చొప్పున తగ్గేది పన్నెండు రోజులు నిలుస్తుందా? జీబీఎస్ తీరే అంత. వైరస్ వెళ్ళిపోతుంది, దానికోసం తయారైన యాంటీబాడీలు మిగిలిపోతాయి. అవి నరం మీది మైలిన్ పొరనో, లోపలి తీగనో శత్రువనుకుని పట్టుకుంటాయి. ఆ యుద్ధమంతా వెన్ను దగ్గర నరాల మొదళ్ళలో, కాళ్ళూ చేతుల నరాల్లో జరుగుతుంది. కాలేయం దాకా కబురు వెళ్ళేంత పెద్ద మంట అక్కడ ఉండదు. నిలువెత్తు మనిషిని మంచాన పడేయడానికి మాత్రం చాలు.

వరద రోజుల్లో మనందరి చెవులూ ధవళేశ్వరం మీదే ఉంటాయి కదా. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకె గోదారి సంగతి చెబుతుంది. మీ చేను గట్టు తెగిందా లేదా అన్నది గొడుగేసుకుని వెళ్ళి చూసుకోవాల్సిందే. గోదారి తొమ్మిది అడుగులున్న రోజున కూడా పందికొక్కు తొలిచిన గట్టు తెగుతుంది. సీఆర్పీ ధవళేశ్వరం గేజీ లాంటిది. నరం మీ చేను గట్టు.

గట్టు దాకా వెళ్ళి చూడడమంటే మా వృత్తిలో ఇవీ: మోకాలి కింద సుత్తితో కొడితే కాలు ఎగురుతుందా, నర్వ్ కండక్షన్ టెస్టులో కరెంటు ఎంత వేగంగా పోతోంది, వెన్నులోంచి తీసిన నీటిలో ప్రోటీన్ ఎంత, కణాలు ఎన్ని. జీబీఎస్‌లో వెన్నునీటి ప్రోటీన్ పెరుగుతుంది, తెల్లకణాలు మాత్రం పెరగవు. 1916లో గులియన్, బారే, స్ట్రోల్ అనే ఫ్రెంచి డాక్టర్లు ఈ జబ్బును వర్ణించినప్పుడు పట్టుకున్న గుర్తు అదే, ఈరోజుకీ పనికొస్తోంది. అయితే మొదటి వారంలో ఆ ప్రోటీన్ కూడా నార్మల్‌గా ఉండొచ్చు. వెన్నునీరే మొదటి వారంలో బొంకగలిగినప్పుడు సీఆర్పీని నిలదీసి లాభమేంటి?

అన్నట్టు, వెన్నులో నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయని మనవైపు ఒక భయం ఉంది. కాళ్ళు పడిపోయినవాళ్ళకే ఆ పరీక్ష చేస్తాం కాబట్టి ఆ పేరొచ్చింది.

ఇక ఈఎస్ఆర్ 92 సంగతి. ఈ పరీక్ష చాలా పాతది. వెస్టర్‌గ్రెన్ పద్ధతిలో రక్తాన్ని సన్నటి గొట్టంలో నిలబెట్టి, గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూస్తారు. మామూలుగా ఎర్రకణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా ఉంటాయి, నెమ్మదిగా దిగుతాయి. రక్తంలో ఫైబ్రినోజెన్, ఇమ్యునోగ్లోబులిన్ లాంటి ప్రోటీన్లు ఎక్కువైతే ఆ తోపు తగ్గి, నాణేల దొంతరలా ఒకదానిమీదొకటి అతుక్కుంటాయి. దొంతర బరువు కాబట్టి గబగబా దిగుతుంది, ఈఎస్ఆర్ పెరుగుతుంది. ఐవీఐజీ అంటే ఏమిటి? వేలమంది దాతల ప్లాస్మాలోంచి తీసిన ఇమ్యునోగ్లోబులినే. కిలోకి రోజుకి 0.4 గ్రాముల చొప్పున ఐదు రోజులంటే, 60 కిలోల మనిషికి 120 గ్రాములు. అంత ప్రోటీన్ రక్తంలో పోసి, తర్వాత ఈఎస్ఆర్ పెరిగిందని కంగారుపడితే, చెరువులో ట్యాంకరు నీళ్ళు మనమే వదిలి మట్టం పెరిగిందేమిటని అడిగినట్టుంటుంది. ఆ ఇమ్యునోగ్లోబులిన్ రక్తంలో సగానికి తగ్గడానికే మూడు వారాలకి అటూ ఇటూ పడుతుంది. అందాకా ఈఎస్ఆర్ చేయించడం డబ్బు దండగ.

ఇదే కారణంగా ఐవీఐజీ తర్వాత చేసే యాంటీబాడీ పరీక్షలు కూడా తికమక పెడతాయి. దాతల యాంటీబాడీలు మీవాడి రక్తంలో తిరుగుతుంటాయి కదా, హెపటైటిస్-బి కోర్ యాంటీబాడీ పాజిటివ్ అని వచ్చి ఇంట్లో గొడవలైన కుటుంబాన్ని నేను చూశాను. ఏ యాంటీబాడీ పరీక్ష చేయాలన్నా ఎక్కించకముందు తీసిన రక్తంతోనే చేయించాలి.

ఎక్కించకముందు వచ్చిన 28 మాటేమిటంటారా? మగవాళ్ళకి వయసులో సగం, ఆడవాళ్ళకి వయసుకి పది కలిపి అందులో సగం: ఈఎస్ఆర్‌కి ఇది మోటు లెక్క. 38 ఏళ్ళకి 19. చికున్‌గున్యా కీళ్ళ నొప్పులు ఇంకా తీరని మనిషికి 28 రావడం వింతేమీ కాదు. రక్తం తక్కువైనా ఈఎస్ఆర్ పెరుగుతుంది. మన డెల్టాలో ఈఎస్ఆర్ 40 ఉన్న ఆడవాళ్ళలో చాలామందికి ఉన్నది రక్తహీనత, ఇంకేమీ కాదు.

రిపోర్టు మరోసారి తీసి సీఆర్పీ 4.2 పక్కన ఏ కొలత రాసి ఉందో చూడండి. లీటరుకి మిల్లీగ్రాములైతే నార్మలే, చాలా ల్యాబ్‌లకి 5 లేదా 6 లోపు గీత. డెసీలీటరుకి మిల్లీగ్రాములని ఉంటే మాత్రం అది 42 కింద లెక్క, కథ మారుతుంది. ఇది చాదస్తం అనుకోకండి. ఒక ల్యాబ్‌లో 0.9, ఇంకో ల్యాబ్‌లో 9 అని వస్తే రాత్రికి రాత్రి పదింతలైందని అంబులెన్స్ కట్టించుకుని రాజమండ్రి వచ్చినవాళ్ళున్నారు. రెండూ ఒకటే అంకె.

మరో ప్రశ్న: జ్వరంలో ఉన్నప్పుడు ఆర్‌ఎంపీ గారు నొప్పులకి ఇంజెక్షన్లు చేశారా? డెక్సా గానీ బెట్నెసాల్ గానీ? మన ఊళ్ళలో చికున్‌గున్యా కీళ్ళకి అదే కదా మంత్రం. అవి స్టెరాయిడ్లు. స్టెరాయిడ్ పడితే సీఆర్పీ తగ్గుతుంది, తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. ఈమధ్య సీబీపీ రిపోర్టు కింద ఎన్ఎల్ఆర్ అని ఒక నిష్పత్తి వేస్తున్నారు, న్యూట్రోఫిల్స్‌ని లింఫోసైట్స్‌తో భాగిస్తే వచ్చేది. డెక్సా పడిన మనిషికి అది ఇట్టే పెరుగుతుంది. అంటే ఒకే ఇంజెక్షన్ వల్ల ఒక మార్కరు (ఇన్‌ఫ్లమేషన్‌ని కొలిచే అంకె) తగ్గినట్టూ ఇంకోటి పెరిగినట్టూ కనిపిస్తుంది. పైగా జీబీఎస్‌కి స్టెరాయిడ్లు పనిచేయవు, ట్రయల్స్‌లో తేలిన సంగతి. "వాపు తగ్గడానికి" అని ఇప్పుడెవరైనా ఇవ్వబోతే వద్దనండి. ఆర్‌ఎంపీ గారిని నేను తిట్టడం లేదు, అర్ధరాత్రి మీ ఇంటికొచ్చేది ఆయనే. కానీ ఈ విషయంలో ఆయన మాట తప్పు.

అలాగని సీఆర్పీ దేనికీ పనికిరాదని నేను అనను. నరాల జబ్బులో సీఆర్పీ బాగా ఎక్కువగా ఉంటే అది నాకు చాలా పెద్ద వార్త. ఏం వార్తంటే, "వైరస్ తర్వాత వచ్చిందిలే" అని సరిపెట్టుకోవద్దు, ఇంకేదో ఉంది వెతుకు అని.

నాలుగేళ్ళ కిందట, డిసెంబరులో కోతలయ్యాక, రావులపాలెం వైపు నుంచి ఒక కౌలురైతుని తీసుకొచ్చారు. పది రోజుల జ్వరం, రెండు రోజులుగా మత్తు, పిచ్చిమాటలు. డెంగ్యూ కార్డు టెస్టు ఎక్కడో పాజిటివ్ వచ్చింది, చీటీ మీద "వైరల్ ఎన్‌సెఫలైటిస్" అని ఉంది. సీఆర్పీ 164. డెంగ్యూకి అంత రాదే అని ఒళ్ళంతా వెతికాం. లుంగీ ముడి కింద, గజ్జల్లో, సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చిన్న పెచ్చు. నొప్పీ లేదు, దురదా లేదు, ఆయనకే తెలీదు. స్క్రబ్ టైఫస్. గడ్డిలో ఉండే చిన్న పురుగు కుట్టిన చోటది. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన మూడో రోజున లేచి కూర్చుని టీ అడిగాడు. చవకైన మందు, కానీ ఆ మచ్చ చూడకపోతే, ఆ సీఆర్పీని అనుమానించకపోతే ఆ మందు రాసేవాళ్ళం కాదు. లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే జ్వరం) కూడా అంతే, మోకాళ్ళ లోతు నీళ్ళలో పనిచేసేవాళ్ళకి, మీ బావమరిది లాంటివాళ్ళకి, అది గుర్తుపెట్టుకోవాలి. బోదకాలు ఉన్నవాళ్ళకి కాలు ఎర్రబడి జ్వరం వచ్చినప్పుడు కూడా సీఆర్పీ ఎగురుతుంది, దానికీ నరాలకీ సంబంధం ఉండదు.

సీఆర్పీకి ఉన్న రెండో ఉపయోగం మంచాన ఉన్న పేషెంటు కాపలా. జీబీఎస్‌తో పడుకున్న మనిషికి మింగడం కష్టమై, గంజి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. మూత్రం గొట్టం వల్ల ఇన్ఫెక్షన్. వీపు మీద పుండు. మొన్న 5 ఉన్న సీఆర్పీ ఇవాళ 130 అయితే నరాల జబ్బు పెరిగిందని కాదు, ఛాతీ ఎక్స్‌రే తీయమని. మందు మొదలుపెట్టాక రోజు రోజుకీ సగం అవుతుంటే మందు పనిచేస్తోందని.

అసలు ఇన్‌ఫ్లమేషన్ మార్కర్లన్నిటికంటే ముందు చేయించాల్సిన, అందరూ మర్చిపోయే పరీక్ష ఇంకోటుంది. పొటాషియం. డెంగ్యూ జ్వరంలోనో, తగ్గుతూండగానో రాత్రికి రాత్రి కాళ్ళూ చేతులూ పడిపోయి వచ్చేవాళ్ళలో కొందరికి ఉన్నది జీబీఎస్ కాదు, రక్తంలో పొటాషియం పడిపోవడం. కొవ్వూరు దగ్గర ఒక తాపీమేస్త్రి, పాతికేళ్ళవాడు, తెల్లారి మంచం మీంచి లేవలేకపోతే జీబీఎస్ అని చెప్పి లక్షల ఎస్టిమేటు ఇచ్చారట. మా దగ్గరకొచ్చేసరికి పొటాషియం 1.9. ఈసీజీ చూసుకుంటూ జాగ్రత్తగా పొటాషియం ఇస్తే మర్నాడు మధ్యాహ్నానికి నడిచి బాత్రూమ్‌కి వెళ్ళాడు. మీవాడి కథ అలాంటిది కాదులెండి, తిమ్మిర్లతో మొదలై మూడు రోజుల్లో మెల్లగా ముదిరింది, కాకినాడలో నర్వ్ టెస్టు కూడా చేశారన్నారు. ఇది చదివే మిగతావాళ్ళ కోసం చెప్తున్నాను.

మెదడు సంగతికొస్తే మార్కర్ల మోసం ఇంకా ఎక్కువ. రక్తానికీ మెదడుకీ మధ్య గట్టి గోడ ఉంది. లోపల ఇల్లు తగలబడుతున్నా బయట రక్తంలో పొగ కనపడకపోవచ్చు. ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. తణుకు వైపు అమ్మాయి, పందొమ్మిదేళ్ళు, హెర్పిస్ వైరస్ వల్ల మెదడువాపు వచ్చి, ఎసైక్లోవిర్‌తో తగ్గి ఇంటికెళ్ళింది. అయిదు వారాలకి మళ్ళీ తీసుకొచ్చారు. నిద్ర లేదు, తనలో తను మాట్లాడుకుంటోంది, తల్లిని గుర్తుపట్టి కూడా "నువ్వెవరు" అంటోంది. ఊళ్ళో గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. సీఆర్పీ 2, ఈఎస్ఆర్ 14, జ్వరం లేదు. అంత పెద్ద జబ్బు పడి లేచిన పిల్ల, మనసు కుదురుగా లేదేమో అని నేను సైకియాట్రీకి రాశాను. మూడు రోజులు పోయాయి. నా దగ్గర పనిచేసే జూనియర్ డాక్టరు ఆ అమ్మాయి నోరు చూపించింది: ఏమీ తినకుండానే అదేపనిగా నమిలినట్టు, చప్పరించినట్టు కదులుతోంది. అప్పుడు వెన్నునీరు పంపిస్తే ఎన్ఎమ్‌డీఏ రిసెప్టర్ యాంటీబాడీ (మెదడు కణాల మీదే దాడి చేసే యాంటీబాడీ) పాజిటివ్. హెర్పిస్ మెదడువాపు తర్వాత మూడు నెలల్లోపు దాదాపు నాలుగోవంతు మందికి ఇలా యాంటీబాడీల జబ్బు వస్తుందని 2018లో స్పెయిన్ బృందం ప్రచురించిన పరిశోధనలో తేలింది, 27 శాతం. నేను చదివినదే, పిల్ల ఎదురుగా ఉన్నప్పుడు గుర్తు రాలేదు. ఆ నార్మల్ సీఆర్పీ నన్ను నిద్రపుచ్చింది. ఆ అమ్మాయి కోలుకుంది, డిగ్రీ పూర్తిచేసింది. ఆ మూడు రోజులు మాత్రం నా ఖాతాలోనే ఉన్నాయి.

చిన్నపిల్లల్లో ఆటలమ్మ, మామూలు జలుబు జ్వరం తగ్గాక మెదడులో అక్కడక్కడ మచ్చలతో వచ్చే అడెమ్ కూడా ఇంతే, అది తేలేది ఎమ్మారైలో, ఎంఓజీ అనే యాంటీబాడీ పరీక్షలో. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుమానమైతే వెన్నునీటిలో ఐజీఎం చూడాలి. చిన్నప్పుడు తట్టు పోసిన పిల్లలకి ఏళ్ళ తర్వాత వచ్చి మెదడుని మెల్లగా పాడుచేసే ఎస్ఎస్‌పీఈలో రక్తంలో ఈ మార్కర్లు ఏ చప్పుడూ చేయవు. జ్వరం, మూర్ఛ అనగానే వైరస్ అని తీర్మానించడం కూడా ప్రమాదమే. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో పడిపోయినప్పుడు మొదట ఏ వైరస్సో అన్నారు. తర్వాత ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి.

రెండో కోర్సు గురించి. మీకు నిజంగా ఖర్చయ్యే ప్రశ్న ఇదే కాబట్టి కొంచెం వివరంగా. మొదటి కోర్సుకి అంతగా కోలుకునేలా లేని పేషెంట్లకి వెంటనే రెండో కోర్సు ఇస్తే మేలేమోనని నెదర్లాండ్స్‌లో ట్రయల్ చేశారు, ఫలితాలు 2021లో వచ్చాయి. మేలు కనపడలేదు. రక్తం గడ్డకట్టడం లాంటి కీడు మాత్రం ఎక్కువైంది. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళకే లాభం లేనప్పుడు, ఈఎస్ఆర్ చూసి ఇంటి దగ్గరున్న మనిషికి ఎందుకు?

మళ్ళీ ఇవ్వాల్సిన సందర్భం ఒకటుంది. కొంత కోలుకుని, నిలదొక్కుకుని, రెండు నెలల్లోపు మళ్ళీ కాళ్ళూ చేతులూ బలం తగ్గిపోవడం. పదిమందిలో ఒకరికి అలా అవుతుంది. వాళ్ళకి మళ్ళీ ఐవీఐజీ ఇస్తాం. రెండు నెలలు దాటాక కూడా తగ్గుతూ పోతే, లేదా ఇలా మూడోసారి అయితే, అది సీఐడీపీ అనే దీర్ఘకాలపు జబ్బేమోనని చూస్తాం. ఈ నిర్ణయాల్లో ఎక్కడా ఈఎస్ఆర్ లేదు చూడండి. మేం కండరాలకి 60 మార్కుల పరీక్ష పెడతాం, ఆరు కదలికలు, రెండు వైపులా, ఒక్కోదానికి 5. ఎవరికి వెంటిలేటర్ అవసరపడుతుందో ముందే అంచనా వేసే ఈగ్రిస్ స్కోరులో ఉండేవి మూడే: బలం తగ్గడం మొదలై ఎన్నాళ్ళకి ఆసుపత్రికి వచ్చారు, ముఖం లేదా గొంతు కండరాలు పట్టు తప్పాయా, ఆ 60కి ఎన్ని వచ్చాయి. రక్త పరీక్ష ఒక్కటీ లేదు. రక్తంలో ఏదైనా చూడాలనే ఉంటే ఆల్బుమిన్ చూడొచ్చు, ఐవీఐజీ తర్వాత అది బాగా తక్కువగా ఉన్నవాళ్ళు ఆలస్యంగా కోలుకుంటారని తేలింది. చవకైన పరీక్ష. దానికీ గుడ్డూ పప్పూ చేపా పెట్టడం తప్ప మీరు చేసేదేమీ ఉండదు.

ఇక ఆ ప్యానెల్. ఐఎల్-6 గంటగంటకీ మారుతుంది, నమూనా ఆలస్యంగా ల్యాబ్‌కి చేరినా మారుతుంది. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము దాచే ప్రోటీన్) డెంగ్యూలో వేలల్లోకి వెళ్ళడం మామూలే. డీ-డైమర్ (రక్తపు గడ్డ కరిగితే వచ్చే ముక్క) ఐవీఐజీ పడి, మంచాన ఉన్న మనిషికి ఎలాగూ పెరిగే ఉంటుంది. పిక్క వాచి నొప్పి ఉంటే మాత్రం డీ-డైమర్‌తో పనిలేకుండా నేరుగా కాలి రక్తనాళాల డాప్లర్ స్కాన్ తీయించండి. న్యూరోఫిలమెంట్ అని ఇంకో కొత్త పరీక్ష వింటారు. అది ఇన్‌ఫ్లమేషన్‌ది కాదు, నరం తీగ తెగితే రక్తంలోకి రాలే పొట్టు లాంటిది. పరిశోధనకి చాలా మంచిది, రేపో మాపో మా చేతికీ వస్తుంది. కోవిడ్ తర్వాత మతిమరుపు, మెదడు మందగించడం గురించి 2023లో బ్రిటన్ నుంచి ఒక పని వచ్చింది. కోవిడ్‌తో ఆసుపత్రిలో ఉన్నప్పుడే సీఆర్పీతో పోలిస్తే ఫైబ్రినోజెన్, డీ-డైమర్ ఎక్కువగా ఉన్నవాళ్ళకి నెలల తర్వాత ఆ ఇబ్బందులు ఎక్కువ కనిపించాయి. నాకు అది ఆసక్తిగా అనిపించింది. కానీ వందలమందిని కలిపి చూస్తే తెలిసే సంగతి వేరు, మీ బావమరిదికి రేపు ఏం చేయాలో చెప్పడం వేరు. 2025 జనవరిలో పుణెలో జీబీఎస్ కేసులు బయటపడ్డాక మన దగ్గర కాలు తిమ్మిరెక్కిన ప్రతివాడూ ప్యానెల్ రిపోర్టు పట్టుకుని వచ్చాడు. ఒక్కరి చికిత్స కూడా ఆ కాగితం వల్ల మారలేదు.

ఇంట్లో మీరు చూడాల్సినవి చెప్తాను. రోజూ పొద్దున్నా సాయంత్రం ఆయన్ని నిండా ఊపిరి పీల్చమని, చెడుగుడు కూత పెట్టినట్టు ఒకే ఊపిరిలో ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టించండి. పాతిక, ముప్పై దాటితే నిశ్చింత. ఇరవై లోపుకి పడిపోయినా, నిన్నటికంటే బాగా తగ్గినా అదేరోజు ఆసుపత్రికి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు 98 చూపిస్తోందని ఆగిపోవద్దు, ఊపిరి కండరాలు అలిసిపోతున్నా చివరిదాకా అది నార్మల్‌గానే చూపిస్తుంది. తల దిండు మీంచి ఎత్తలేకపోవడం, మంచినీళ్ళు తాగితే పొలమారడం, మాట ముక్కులోంచి రావడం, గుండె ఊరికే దడదడలాడడం, బీపీ పైకీ కిందకీ ఊగడం: వీటిలో ఏది కనిపించినా మర్నాటి దాకా ఆగకూడదు.

అవేమీ లేకపోతే ఆ ప్యానెల్ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టండి. నరం తీగ దెబ్బతింటే తిరిగి పెరిగేది రోజుకి ఒక మిల్లీమీటరు, నడుం దగ్గర్నుంచి పాదం దాకా ఎన్ని రోజులవుతుందో మీరే లెక్క వేసుకోండి. పై పొర మాత్రమే పోయి ఉంటే ఇంకా ముందే కోలుకుంటాడు. ముమ్మిడివరం వైపు ఒక పేషెంటు అన్నయ్య కొబ్బరితోటలో రెండు వెదురు గడలు నడుమెత్తున కట్టి, మధ్యలో మనిషి పట్టేంత సందు వదిలాడు. ఆసుపత్రిలో స్టీలు కమ్మీలు ఎందుకు పెడతారో ఇవీ అందుకే. ఒక చివర కుర్చీ, రెండో చివర కుర్చీ. తమ్ముడు ఎన్ని అడుగులేశాడో రోజూ గడ మీద సుద్దముక్కతో గీత గీసేవాడు. రివ్యూకి వచ్చినప్పుడు రిపోర్టుల ఫైలు బదులు ఆ గడ ఫోటో చూపించాడు. మీరు కూడా వచ్చే ఆదివారం ఎన్ని అడుగులో, ఒకే ఊపిరిలో ఎంతదాకా లెక్కపెట్టాడో, సీఆర్పీ పక్కన ఏ కొలత రాసుందో ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.